వ్యాయామం మూడో వారంలో ఆగిపోతోందా? ఈసారి ఈ వరసలో మొదలుపెట్టండి

"రెండు వారాలు బ్రహ్మాండంగా చేస్తానండీ, తర్వాత ఏమవుతుందో ఏమో, మోటివేషన్ పోతుంది." నన్ను అడిగేవాళ్లందరిదీ కాస్త అటూఇటూగా ఇదే మాట. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

నేనేమీ పుట్టు క్రీడాకారుణ్ని కాదు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టి, పదకొండు రోజులు వెళ్లి మానేసిన జిమ్ ఒకటి ఉంది నా ఖాతాలో. ఆ తర్వాత ఇంట్లోకి ట్రెడ్‌మిల్ కొన్నాను, దాని మీద రెండేళ్లు టవల్స్ ఆరేశాం. అచ్చమైన ఆరంభశూరత్వం.

ఊపు కోసం మనం పెద్ద ఆటగాళ్ల వీడియోలు చూస్తాం. అందులో చెమట కనపడుతుంది, పతకం కనపడుతుంది. ఆ చెమట పట్టేలోపు ఎవరు ఏమేం ఏర్పాటు చేసిపెట్టారో కనపడదు. చెమట విషయంలో వాళ్లతో మనం పోటీ పడలేం గానీ, ఏర్పాటు మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. కింద రాసిందంతా దాని గురించే. వరస మార్చకండి, ముఖ్యంగా మొదటి మెట్టు దాటేయకండి.

## 1. మొదటి వారం వ్యాయామం చేయకండి, గమనించండి

తమాషాకు చెప్పడం లేదు. ఏడు రోజులపాటు ఒక చిన్న నోటు పుస్తకంలో మూడే సంగతులు రాయండి: ఎన్నింటికి లేచారు, ఏ అరగంట ఖాళీగా దొరికింది, ఆ అరగంటలో ఏం చేశారు. ఏడో రోజు రాత్రి చూసుకుంటే ఏడింట్లో కనీసం ఐదు రోజులు ఖాళీగా ఉన్న అరగంట ఒకటి బయటపడుతుంది. మీ వ్యాయామం టైము అదే. తెల్లవారుజామున ఐదు గంటలు కానక్కర్లేదు. రాత్రి పన్నెండుకు పడుకునే మనిషి ఐదుకు అలారం పెట్టుకోవడమంటే నాలుగు రోజుల్లో ఓడిపోవడానికి ముహూర్తం పెట్టుకోవడమే.

నైట్ షిఫ్ట్ వాళ్లు డ్యూటీ నుంచి రాగానే కాకుండా, పడుకుని లేచాక పెట్టుకోండి. పిల్లల బాక్సులు కట్టే పనిలో ఉన్నవాళ్లకు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు టైము దొరకదు, దొరుకుతుందని అబద్ధమాడుకోకండి. స్కూలు బస్సు వెళ్లిపోయిన మరుక్షణం అన్నిటికంటే మంచి టైము, ఎందుకంటే అప్పటికే చెప్పులేసుకుని గేటు బయట ఉంటారు.

ఇక ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి. సైనా నెహ్వాల్ చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆమెను స్కూటర్ మీద దాదాపు పాతిక కిలోమీటర్ల దూరంలోని లాల్ బహదూర్ స్టేడియానికి తెల్లవారుజామునే తీసుకెళ్లేవారు. నిద్రమత్తులో పిల్ల బండి మీద నుంచి పడిపోతుందేమోనని తల్లి కూడా వెనక కూర్చునేది. అంటే ఒక పిల్ల ప్రాక్టీసుకు వెళ్లడానికి ముగ్గురు నిద్ర లేవాల్సి వచ్చింది. మీకు అంత అక్కర్లేదు, కానీ "ఆ అరగంట పాలు పొంగకుండా ఎవరు చూస్తారు, పిల్లాడు లేస్తే ఎవరు ఎత్తుకుంటారు" అనే ప్రశ్నకు ముందే ఒక మనిషి పేరు ఉండాలి. ఈ ఒక్క మాట తెగక ఆగిపోయిన ఆడవాళ్లను నేను చాలామందిని చూశాను, వాళ్లేమో తమది బద్ధకం అనుకుంటున్నారు.

వారం చివర్లో చూసుకోవాల్సినవి:

- టైము ఖరారైంది, ఇంట్లో అందరికీ తెలుసు
- చోటు ఖరారైంది. ఇంటి నుంచి ఐదు నిమిషాలకు మించి దూరం లేదు
- వాన వస్తే ఎక్కడ చేయాలో కూడా ఖరారైంది
- షూ ఉన్నాయి. సాయంత్రం పూట కొన్నారు (అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి), బొటనవేలి ముందు అరంగుళం ఖాళీ ఉంది
- దారిలో కుక్కలు, చీకటి సందులు ఉన్నాయేమో ఒకసారి నడిచి చూసుకున్నారు

## 2. ముందు డాక్టరును అడగాల్సినవాళ్లు

బీపీ, షుగర్, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్లు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు అనిపించేవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టండి. ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడుతుంటే జేబులో గ్లూకోజ్ లేదా నాలుగు చక్కెర బిళ్లలు ఉండాల్సిందే. చేతులు వణికి, చెమటలు పట్టి, కళ్లు తిరిగినట్టుంటే ఆగి నోట్లో వేసుకోండి. షుగర్ ఉన్నవాళ్లు ఇంటికొచ్చాక అరికాళ్లు ఒకసారి చూసుకోవాలి, బొబ్బ వచ్చినా తెలియకపోవచ్చు.

నడుస్తుండగా ఛాతీ బిగుసుకుపోవడం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, ఊపిరి అందకపోవడం జరిగితే "గ్యాస్ అయ్యుంటుంది" అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

## 3. బరువును పక్కన పెట్టి హాజరును లెక్కపెట్టండి

"మూడు నెలల్లో పది కిలోలు" అని రాసుకున్నవాడు రెండో వారం మిషన్ ఎక్కి, ముల్లు కదలకపోతే అదే రోజు మానేస్తాడు. బరువు మన చేతిలో లేదు. తిండి, నిద్ర, ఒంట్లో నీరు, అన్నీ కలిసి దాన్ని లాగుతుంటాయి. హాజరు మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది.

జ్యోతి యర్రాజీ సంగతి చెబుతాను. విశాఖ అమ్మాయి, 100 మీటర్ల హర్డిల్స్. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 సెకన్లలో పరిగెత్తింది, అప్పటి జాతీయ రికార్డు 13.38. కానీ ఆ రేసులో వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు, పరిమితి 2.0. లెక్కలోకి రాలేదు. సెకనుకు పది సెంటీమీటర్ల గాలి! మర్నెల సైప్రస్‌లో 13.23తో రికార్డు రాసింది, అంటే అంతకుముందు పరిగెత్తినదానికంటే నెమ్మదిగానే. పరుగు ఆమెది, గాలి ఆమెది కాదు. మన బరువు మిషన్ కూడా అలాంటి గాలే.

కాబట్టి పుస్తకంలో లక్ష్యం ఇలా రాయండి: "ఈ ఎనిమిది వారాల్లో 40 హాజర్లు." వారానికి ఐదు చొప్పున. 32 దాటినా పాసైనట్టే.

చివరికి చేరాల్సిన చోటు తెలియాలి కాబట్టి: ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని. మొదటి రోజే అక్కడికి దూకకండి, ఎనిమిదో వారానికి చేరదాం.

## 4. రెండు మోతాదులు: నిండు రోజు, చిటికెడు రోజు

ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటాను అనేవాళ్లు దీన్ని గుర్తుంచుకోండి.

నిండు రోజు అంటే ఆ వారానికి అనుకున్నది అనుకున్నట్టు చేయడం. చిటికెడు రోజు అంటే తలనొప్పిగా ఉన్నా, చుట్టాలు దిగినా, బాస్ తిట్టినా చేయగలిగేది. నా చిటికెడు ఇది: షూ వేసుకుని ఐదు నిమిషాలు నడక, పది బస్కీలు. మొత్తం ఏడు నిమిషాలు. అది చేసినా పుస్తకంలో హాజరే పడుతుంది, సగం కాదు, పూర్తి హాజరు.

చిటికెడుతో ఏం కొవ్వు కరుగుతుందని అడుగుతారు. ఏమీ కరగదు. అది చేసేది వేరే పని: రేపు మళ్లీ "మొదలుపెట్టాల్సిన" అవసరం లేకుండా చేస్తుంది. మొదలుపెట్టడానికయ్యే ఖర్చే ఎక్కువండీ, కొనసాగించడానికి అంత కాదు. పైగా షూ వేసుకుని ఐదు నిమిషాలు నడిచాక చాలా రోజులు మీరే ఇరవై నిమిషాలు చేసి వస్తారు. రాకపోయినా ఫర్వాలేదు.

ఒకే షరతు, వారంలో చిటికెడు రోజులు రెండు దాటకూడదు. వరసగా రెండు వారాలు దాటుతున్నాయంటే మీ నిండు మోతాదు మీకు ఎక్కువైందని అర్థం, దాన్ని తగ్గించండి.

## 5. ఎనిమిది వారాల వరస

1, 2 వారాలు (గమనించిన వారం అయ్యాక లెక్క మొదలు): ఐదు రోజులు, రోజుకు 15 నిమిషాల నడక. ఇంకా చేయాలనిపిస్తుంది, చేయకండి. ఆ ఆకలి మిగలాలి.

3, 4 వారాలు: 20 నిమిషాల నడక. అందులో రెండు రోజులు (పక్కపక్కన కాకుండా, సోమ, గురు అనుకోండి) నడక అయ్యాక కింది ఐదు ఒక్కో చుట్టు:

- కుర్చీ బస్కీలు 8: కుర్చీ అంచుకు పిరుదులు ఆనీఆనకుండా కూర్చుని లేవడం
- గోడ దండీలు 8: గోడకు చేతులు ఆనించి, ఒళ్లు కర్రలా ఉంచి వంగి లేవడం
- పిక్కలు లేపడం 12: కుర్చీ పట్టుకుని మునివేళ్ల మీద లేచి నెమ్మదిగా దిగడం
- నడుము ఎత్తడం 8: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తుంటిని పైకి లేపి రెండు సెకన్లు ఆపడం
- ప్లాంక్ 15 సెకన్లు: బోర్లా పడుకుని, మోచేతులు, మునివేళ్ల మీద ఒళ్లు కర్రలా లేపి ఉంచడం, కష్టమైతే మోకాళ్లు నేలకు ఆనించి

5, 6 వారాలు: 25 నిమిషాలు, చుట్లు రెండు.

7, 8 వారాలు: 30 నిమిషాలు. ఐదు రోజులు ముప్పై అంటే 150, అనుకున్న చోటికి వచ్చేశాం. వారంలో ఒక్క రోజు నడక మధ్యలో ఒక నిమిషం గబగబా, రెండు నిమిషాలు మామూలుగా, ఇలా ఐదుసార్లు.

బస్కీలూ దండీలూ మగవాళ్లకే అనుకుని నడకతో సరిపెట్టుకునే అక్కలకు ఒక మాట. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తింది, ఆమదాలవలస పక్క ఊరి మనిషి. మనం గోడను నెడుతున్నాం, అంతే. కండలు వస్తాయని భయపడక్కర్లేదు, నలభై దాటాక ఉన్న కండ కరిగిపోవడమే అసలు భయం.

## 6. రాత్రి పది నిమిషాల పని

పొద్దున లేచినప్పటి మెదడుకు ఏ నిర్ణయమూ అప్పజెప్పకూడదు, అది ప్రతిసారీ దుప్పటి పక్షమే వహిస్తుంది. అన్నీ రాత్రే తేల్చేయండి:

- బట్టలు, సాక్సులు, షూ ఒకేచోట, మంచం నుంచి కనపడేలా
- నీళ్ల సీసా నిండి ఉంది
- రేపు ఏం చేయాలో పుస్తకంలో ఒక లైను ("20 నడక, ఒక చుట్టు")
- ఇంటి తాళం, టార్చి, కుక్కల దారైతే చిన్న కర్ర
- ఫోను పడక గదిలో లేదు

చివరిది అందరికీ చేదు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు కోచ్ గోపీచంద్ పి.వి. సింధు ఫోను తీసేసుకున్నారు, ఐస్‌క్రీమ్ కూడా ఆపేశారు. వెండి పతకం వచ్చాక ఫోను తిరిగిచ్చేస్తానని ఆయనే చెప్పారు. ఆ స్థాయి మనిషికే ఫోను పక్కనుంటే మనసు నిలవదని కోచ్‌కు అనిపించినప్పుడు, "నాకు కంట్రోల్ ఉందండీ" అని మనం అనుకోవడం ఎందుకు? ఆవిడ మనోబలంతో ఫోనుతో కుస్తీ పట్టలేదు, ఫోను అక్కడ లేదు. కిటుకంతా అదే.

మీకు గోపీచంద్ లేరు కాబట్టి వంద, రెండొందలు పెట్టి ఒక అలారం గడియారం కొని, ఫోనును హాల్లో చార్జింగ్‌కు పెట్టండి. ఉద్యోగరీత్యా ఫోను దగ్గరుండాల్సినవాళ్లు కనీసం లేచి నాలుగడుగులు వేస్తే గానీ అందని చోట పెట్టండి.

## 7. నెమ్మదిగా చేయడం నేర్చుకోండి

మూడో వారంలో ఆగిపోవడానికి బద్ధకం కంటే ఒళ్లు నొప్పులు పెద్ద కారణమని నా అభిప్రాయం. మొదటి రోజే పరిగెత్తి, రెండో రోజు మెట్లు దిగలేక, మూడో రోజు "గ్యాప్" ఇచ్చి, ఆ గ్యాప్ దీపావళి దాకా సాగుతుంది.

ఎలియుడ్ కిప్చోగే 2022లో బెర్లిన్ మారథాన్‌ను 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో పూర్తిచేశాడు. లెక్కేస్తే కిలోమీటరుకు 2 నిమిషాల 52 సెకన్లు, మనలో చాలామంది సైకిల్ మీద కూడా అంత వేగం ఎక్కువసేపు నిలబెట్టలేం. కానీ కెన్యాలో కప్టగట్ శిబిరంలో వాళ్ల తేలిక రోజుల పరుగు ఆ వేగానికి దరిదాపుల్లో ఉండదు. కబుర్లు చెప్పుకుంటూ మొదలవుతుంది. గట్టి రోజు గట్టిగా, తేలిక రోజు నిజంగా తేలికగా. మనం చేసేది సరిగ్గా తలకిందులు, ప్రతిరోజూ మధ్యస్థంగా కష్టపడి ప్రతిరోజూ అలిసిపోవడం.

కొలత చాలా సులువు. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మాట తెగుతుంటే వేగం తగ్గించండి. పాట వస్తోందంటే కాస్త పెంచండి. ఒంటరిగా నడిచేవాళ్లు ఒకటి నుంచి ఇరవై దాకా పైకి లెక్కపెట్టి చూసుకోవచ్చు, ఎవరైనా వింతగా చూస్తే చూడనివ్వండి.

## 8. పుస్తకం

యాప్ వద్దని కాదు, కానీ నోటు పుస్తకానికి నోటిఫికేషన్లు రావు. కిప్చోగే తన శిక్షణ వివరాలు ఏళ్ల తరబడి చేత్తో పుస్తకాల్లో రాసుకుంటూ వచ్చాడు. రోజుకు ఒక్క లైను చాలు: తేదీ, నిండు లేదా చిటికెడు, నిమిషాలు, ఒక మాట. "12వ తేదీ, నిండు, 20, ఎడమ మోకాలు కొంచెం." "13, చిటికెడు, 7, రాత్రి నిద్ర లేదు." "14, లేదు, పెళ్లి."

ఆదివారం ఐదు నిమిషాలు వారం మొత్తం చదవండి. నాది చదివినప్పుడు నాకు తెలిసిన సంగతి, నా గుండు సున్నాలన్నీ మంగళవారాలే. సోమవారం రాత్రి ఆఫీసు మీటింగ్ ఆలస్యంగా అవుతుంది, అదీ అసలు కథ. మంగళవారం సెలవుగా మార్చుకున్నాను, గొడవ వదిలింది. ఆరు నెలలు నన్ను నేను తిట్టుకున్నదాన్ని కేలండర్‌లో ఒక గడి మార్చి సరిచేసుకున్నాను.

## 9. తప్పిపోయిన రోజు తర్వాత

తప్పుతుంది. తప్పాక ఏం చేస్తారన్నదే ముఖ్యం.

2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి, ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పడుతుందని లెక్కగట్టారు. మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా అంచనాలు వచ్చాయి. మనకు పనికొచ్చే ముక్క వేరే ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి "21 రోజుల చాలెంజ్"లో 9వ రోజు తప్పిందని మొత్తం వదిలేయడం అర్థం లేని పని.

నియమం: అనుకున్న రోజుల్లో వరసగా రెండు తప్పనివ్వకండి. రెండోది చిటికెడైనా కావాలి.

ఎక్కువ రోజులు ఆగితే ఇలా తిరిగి రండి:

- మూడు నుంచి ఏడు రోజులు ఆగితే: ఆపిన వారం నుంచే, మొదటి రెండు రోజులు చిటికెడు
- రెండు మూడు వారాలు ఆగితే: రెండు వారాల వెనక్కి
- నెల దాటితే: మళ్లీ ఒకటో వారం. సిగ్గుపడేదేమీ లేదు
- జ్వరం వస్తే: ఉన్నన్నాళ్లూ పూర్తి విశ్రాంతి, తగ్గాక రెండు రోజులు ఆగి సగం మోతాదు. డెంగీ, టైఫాయిడ్ లాంటివైతే డాక్టరు చెప్పిన గడువు
- పోయిన రోజుల బాకీ తీర్చడానికి రెట్టింపు చేయడం: ఎప్పుడూ వద్దు

నిజామాబాద్ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో దాదాపు ఏడాది రింగ్‌కు దూరమైంది. ప్రపంచ చాంపియన్ అయింది 2022లో. నీరజ్ చోప్రా 2019లో మోచేతి ఆపరేషన్‌తో ఆ సీజన్ మొత్తం పోగొట్టుకుని, 2020 జనవరిలో తిరిగొచ్చిన పోటీలోనే 87.86 మీటర్లు విసిరి ఒలింపిక్స్‌కు అర్హత తెచ్చుకున్నాడు. వాళ్లకు గ్యాప్ అనేది శిక్షణలో ఒక భాగం, దానికి కూడా ఒక పట్టిక ఉంటుంది. మనకు మాత్రం గ్యాప్ అంటే కథ ముగిసినట్టు.

## 10. "ఇలా అయితే అలా" చీటీ

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈత ఫైనల్లో మైకేల్ ఫెల్ప్స్ కళ్లజోడులోకి నీళ్లు వచ్చేశాయి, చివర్లో ఏమీ కనపడలేదు. చేతులు ఎన్నిసార్లు వేస్తే గోడ వస్తుందో అతనికి ముందే తెలుసు, లెక్కపెట్టుకుంటూ ఈది 1:52.03తో ప్రపంచ రికార్డు పెట్టాడు. ఇబ్బంది వచ్చాక ఆలోచించడం మొదలుపెట్టలేదు.

మన కళ్లజోడులోకి నీళ్లు ఎప్పుడొస్తాయో మనకు బాగా తెలుసు, ఏటా అవే. ఒక కాగితం మీద రాసి అద్దానికి అంటించండి. నా చీటీ:

- వాన పడితే, ఇంట్లో బస్కీలు, దండీలు రెండు చుట్లు, తర్వాత పది నిమిషాలు అపార్ట్‌మెంట్ మెట్లు (తడి డాబా మీదకు వెళ్లను, ఒకసారి జారాను)
- చుట్టాలొస్తే, వాళ్లలో ఒకరిని తీసుకుని రాత్రి భోజనం అయ్యాక పావుగంట నడక
- ఊరెళ్తే, సంచిలో షూ ముందు పెట్టి తర్వాతే బట్టలు; చేను గట్టు దాకా వెళ్లి రావడమే ఆ రోజు హాజరు
- ఆఫీసులో ఆలస్యమైతే, లిఫ్ట్ ఎక్కకుండా చిటికెడు
- సంక్రాంతి మూడు రోజులు, అరిసెలకు లెక్క లేదు, చిటికెడు మాత్రం తప్పదు
- ఉపవాసం ఉంటే, నడక మాత్రమే, అదీ నెమ్మదిగా

మీ చీటీ మీరే రాసుకోవాలి. పోయినసారి ఎందుకు మానేశారో ఆ కారణం మొదటి లైను కావాలి.

## 11. తరచూ జరిగే తప్పులు, మరమ్మతులు

పిక్కల ముందు ఎముక నొప్పి. పాత షూ, గట్టి సిమెంటు రోడ్డు, లేదా ఉన్నట్టుండి దూరం పెంచడం. వారం పాటు సగం చేయండి, మట్టి దారి ఉంటే అక్కడికి మారండి. ఒకేచోట వేలు పెడితే ప్రాణం పోయేలా ఉంటే డాక్టరుకు చూపించండి.

కండరం నొప్పో కీలు నొప్పో తెలియకపోవడం. రెండు వైపులా సమానంగా, మొద్దుగా, రెండు మూడు రోజుల్లో తగ్గేది కండరం, తేలికగా నడవొచ్చు. ఒకే వైపు, గుచ్చినట్టు, వాపుతో ఉంటే కీలు, ఆపేయండి.

తోడు మీద ఆధారపడటం. తోడు మంచిదే, కానీ "వాడు రాలేదని నేనూ వెళ్లలేదు" అనే రోజులు పుస్తకంలో మూడు కనపడితే ఒప్పందం మార్చండి: ఎవరికి వారు బయల్దేరాలి, దారిలో కలవాలి. ఇంటి కింద నిలబడి ఎదురుచూడటం బంద్.

ఎండాకాలం. మే నెలలో ఏడు దాటాక నడక వద్దు, ఎండ దిగాక రాత్రికి మార్చుకోండి. పల్చటి మజ్జిగ తాగి వెళ్లండి. ఉప్పు ఎంతన్నది బీపీ ఉన్నవాళ్లు డాక్టరు మాట ప్రకారం. తల దిమ్ముగా, వాంతి వచ్చేలా ఉంటే నీడకు వెళ్లి కూర్చోండి, "ఇంకొక్క రౌండ్" అనకండి.

కుక్కలు. పరిగెత్తితే వెంటపడతాయి. ఆగి, నెమ్మదిగా, కళ్లలోకి చూడకుండా పక్కకు తప్పుకోండి. రోజూ ఒకే గుంపు ఇబ్బంది పెడుతుంటే ధైర్యం పెంచుకోవడం కంటే దారి మార్చుకోవడం తెలివి.

విసుగు. ఐదో వారంలో వస్తుంది, ఖాయం. దారిని తిరగేసి నడవండి, ఆదివారం ఒక్కరోజు వేరే చోటికి వెళ్లండి. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు, విశాఖలో పొద్దున బండ్లు ఆపేసినప్పటి బీచ్ రోడ్డు, చిన్న ఊళ్లో చెరువు కట్ట. అయినా విసుగొస్తే విసుగ్గానే చేయండి, పళ్లు తోముకోవడం కూడా విసుగే.

చేసిన వెంటనే బహుమానం. అరగంట నడిచి పార్కు బయట రెండు ప్లేట్ల పూరీ. మానమని చెప్పను, వారంలో ఒక రోజు పెట్టుకోండి.

అందరికీ చెప్పేయడం. స్టేటస్‌లో "డే 1" పెట్టగానే సగం సంతృప్తి వచ్చేస్తుంది. ముప్పై హాజర్లు అయ్యాక చెప్పండి.

## 12. ఆటగాళ్ల దగ్గర కాపీ కొట్టకూడనివి

ఫెల్ప్స్ ఏళ్ల తరబడి ఆదివారాలు కూడా ఈదాడు, ఏడాదికి 52 రోజులు అదనంగా కలిసొస్తాయని లెక్క. అతని పక్కన కోచ్ బాబ్ బౌమన్ ఉన్నారు, వేరే ఉద్యోగం లేదు. మీకు వారానికి రెండు సెలవులు కావాలి.

వాళ్ల తిండి, వాళ్ల ప్రొటీన్ డబ్బాలు, నొప్పిని ఓర్చుకుని ఆడటం, ఇవేవీ మనకు వద్దు. 2022 కామన్వెల్త్ ఫైనల్‌ను సింధు కాలి నొప్పితోనే ఆడి బంగారు పతకం గెలిచింది, తర్వాత ఎముకలో పగులు తేలి నెలల తరబడి కోర్టుకు దూరమైంది. ఆమె ముందు పతకం ఉంది. మీ ముందు బుధవారం ఉంది, నొప్పి ఉంటే ఇంట్లో కూర్చోండి.

## 13. ఎనిమిది వారాలు అయ్యాక

పుస్తకంలో హాజర్లు లెక్కపెట్టండి.

32 లేదా ఎక్కువైతే: ఒక్కటే మార్చండి. నిమిషాలు పెంచడమో, నడకను మెల్లటి పరుగుగా మార్చడమో, చుట్లు మూడు చేయడమో. మూడూ ఒకేసారి పెంచితే మళ్లీ మూడో వారం కథే. కావాలనుకుంటే రెండు మూడు నెలల తర్వాత జరిగే 5 కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చుకోండి, కేలండర్‌లో తేదీ ఉంటే పుస్తకానికి పని ఉంటుంది.

20 నుంచి 31 మధ్య ఉంటే: 5, 6 వారాల మోతాదు దగ్గరే ఇంకో నెల ఉండండి.

20 కంటే తక్కువైతే: కారణాన్ని మీ మనోబలంలో వెతకకండి. పుస్తకంలో "లేదు" అని ఉన్న రోజుల పక్కన రాసిన మాటలన్నీ ఒక కాగితం మీదకు ఎక్కించండి, ఎక్కువసార్లు వచ్చిన మాట చుట్టూ గీత గీయండి. "నిద్ర" అయితే టైము మార్చాలి. "పని" అయితే చోటు దగ్గరికి తెచ్చుకోవాలి. "నొప్పి" అయితే మోతాదు సగం చేయాలి. "పిల్లలు" అయితే మొదటి మెట్టులో చెప్పిన ఆ మనిషితో ఇంకోసారి కూర్చుని మాట్లాడాలి. ఏ మాటా రాయలేదా? అయితే ఈసారి ఎనిమిది వారాలూ ఆ ఒక్క పనే చేయండి: వెళ్లినా వెళ్లకపోయినా, రాత్రి ఫోను హాల్లో పెట్టే ముందు ఒక లైను.